పసుపు దుమ్ము మీద ఆయిల్ గీత

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. పెళ్లికి వెళ్లినా వంటవాళ్ల పక్కన చేరి ఉల్లిగడ్డలు కోస్తాను. బస్సు ఆలస్యమైతే పక్కావిడ సంచీ మూతి కట్టి పెడతాను. "నీ చేతులు కట్టేస్తే కాళ్లతోటన్న సదురుతవే నువ్వు" అంటాడు మా ఆయన. ఆ సర్దే బుద్ధే ఒక బుధవారం పొద్దున మా కొంప ముంచబోయింది.

ఆర్మూరులో బస్టాండు నుంచి మామిడిపల్లి చౌరస్తాకు వెళ్లే దారిలో మాకొక షట్టరు ఉంది. మా ఆయన అందులో ఇరవై ఏళ్లకు పైగా మోటార్ సైకిళ్లు బాగుచేస్తున్నాడు. పోయిన వానాకాలంలో ఒకరోజు అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. మాట నెలలో తిరిగొచ్చింది, నడక మూడు నెలల్లో వచ్చింది. కుడి చెయ్యి మాత్రం వచ్చీ రానట్టుగా ఆగిపోయింది. వేళ్లు ముడుచుకుంటాయి గానీ పట్టు నిలవదు. పానా పట్టుకుంటే పది లెక్కపెట్టే లోపు జారిపోతుంది. అది గచ్చు మీద పడి ఖంగుమన్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది.

అందుకే నా కుట్టుమిషను ఇంట్లోంచి తెచ్చి షట్టర్లో ముందు మూలన వేసుకున్నాను. ఇంట్లో వెలుతురు చాలడం లేదని చెప్పాను. ఇంట్లో వెలుతురు బ్రహ్మాండంగా ఉంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఇద్దరం ఆ అబద్ధాన్ని పెద్దగా కదిలించలేదు.

గిరాకీ మెల్లమెల్లగా తగ్గింది. ముఖాన ఎవరూ ఏమీ అనలేదు. "జర బాగైనంక వస్త తీ అన్నా" అని బండి తిప్పుకుని రెండు షట్టర్లు దాటి వేరే మెకానిక్ దగ్గర ఆపేవాళ్లు. మిషను తొక్కుతూ అవన్నీ చూసేదాన్ని. మా ఆయన కూడా చూసేవాడు, చూడనట్టు. ఆ మధ్యే మొబైల్ షాపు పెట్టుకుంటానని ఒకాయన షట్టరు కిరాయికి అడిగాడు. మా ఆయన వెంటనే కాదనలేదు. "బేస్తారం సాయంత్రం రా, చెప్త" అన్నాడు. ఈ మనిషిని ఇంట్లో మంచం మీద కూర్చోబెడితే ఏమవుతాడో నాకు తెలుసు. అప్పటికే పొద్దున గడ్డం గీసుకోవడం మానేశాడు. షట్టరు తాళం ఇంకొకరి చేతికిస్తే లేవడం కూడా మానేస్తాడని భయపడ్డాను.

ఆ గురువారానికి ముందురోజు పొద్దున ఆయన చేతికి కసరత్తు చేయించుకోవడానికి దవాఖానకు వెళ్లాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. అప్పుడొచ్చాడు బాల్కొండ వైపు నుంచి మా పాత గిరాకీ, పసుపు రైతు. ఆయన బండి కొన్న నాటి నుంచి దాని ఇంజన్ విప్పింది మా ఆయన ఒక్కడే.

"చెల్లె, మిస్త్రీ లేడా?"

"దవాఖానకు పోయిండన్నా. గంటల వస్తడు. ఏమైంది?"

"కిందికెళ్లి ఆయిల్ కారుతున్నది. కల్లంల ఏడ ఆపితె గాడ మచ్చ. పసుపుకు గీ ఆయిల్ అంటిందనుకో, ఎవడు కొంటడు చెప్పు? రేపు పగటికి వస్త, చేసి పెట్టుమను."

నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఆయన చెయ్యి సంగతి ఎర్కే గద అన్నా. వేరేకాడ చూపియ్యకపోయినవా?"

"నా బండి మీద వేరే చెయ్యి పడనియ్య" అని బస్సు కోసం వెళ్లిపోయాడు.

ఆ మాటకు నాకు ఎంత సంతోషమైందంటే, వెంటనే ఏదో ఒకటి చెయ్యకపోతే ఉండలేకపోయాను. బండి వైపు చూశాను. పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము పక్కన నిలబెట్టిన బండి కదా, టైరు నుంచి అద్దం దాకా పచ్చటి దుమ్ము. ఇంజన్ మీద ఆ దుమ్ము అట్టకట్టి ఉంది.

ఇక్కడొక మాట చెప్పాలి. మా షాపులో ఒకే ఒక్క కట్టుబాటు ఉంది. పసుపు రోజుల్లో వచ్చిన బండిని ఆయన చూడకముందు కడగకూడదు, గుడ్డ పెట్టకూడదు. ఇంజన్ ఆయిల్ ఎక్కడ నుంచి కారుతుందో కంటికి అంత తేలిగ్గా దొరకదు. పైన ఎక్కడో ఊరి, పక్కల నుంచి జారి, అడుగున చుక్కై పడుతుంది. చుక్క పడ్డచోటే తప్పు ఉందనుకుంటే మోసపోతాం. కానీ మా దగ్గర పసుపు దుమ్ము ఆ దారిని పట్టిస్తుంది. పొడి దుమ్ములో ఆయిల్ నడిచినంత మేరా నల్లటి గీత పడుతుంది. మా ఆయన బండి ముందు గొంతుక్కూర్చుని, దేన్నీ ముట్టుకోకుండా రెండు నిమిషాలు ఆ గీతను చూసి, ఏది విప్పాలో చెప్పేవాడు. దుమ్ము ఉన్నంతకాలం మెకానిక్‌కు కళ్లు చాలునని ఆయన లెక్క.

ఇవన్నీ నాకు తెలుసు. ఎన్నిసార్లు విన్నానో! అయినా ఆరోజు ఆయన వంగి ఆ మురికంతా గోకాల్సి వస్తుందే అనిపించింది. వచ్చేసరికి బండి తళతళలాడుతూ ఉంటే పని సగమైపోయినట్టు ఉంటుందనిపించింది. డబ్బాలో డీజిల్ పోసి, బ్రష్షు తీసుకుని ఇంజన్ అంతా రుద్దాను. కుడి పక్కన పై నుంచి కిందికి ఒక నల్లటి చార మొండిగా పట్టుకుని ఉంది. దాన్నైతే మరీ పట్టుదలగా రుద్దాను. నీళ్లతో కడిగి, లైనింగ్ గుడ్డ ముక్కలతో తుడిచాను. పని అయ్యాక వెనక్కి జరిగి చూసుకున్నాను. అప్పుడు వెలిగింది నాకు, ఆ చార ఏమిటో.

ఇంతలో ఆయన ఆటో దిగనే దిగాడు. బండిని చూసి ముఖం విప్పారింది. గుర్తుపట్టాడు. ఆయిల్ కారుతోందట, రేపు పగటికి కావాలట అని చెప్పాను. దగ్గరకొచ్చి వంగి ఇంజన్ చూసి మొహం చిట్లించాడు.

"ఆయిల్ లీకని చెప్పి కడిగి తెచ్చిండా?"

"ఊఁ" అన్నాను.

ఒక్క అక్షరం. గట్టిగా అన్నది కూడా కాదు. కానీ అన్నాను. ఆయన తిడతాడని కాదు. ఎనిమిది నెలలకు వచ్చిన మొదటి నమ్మకమైన గిరాకీ, దాన్ని నేనే చెడగొట్టానని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

దుమ్మూ గీతా లేవు కాబట్టి ఆయన చుక్కను నమ్ముకున్నాడు. చుక్క క్లచ్ కవర్ అడుగు అంచు నుంచి పడుతోంది. కవర్ వెనక, ఆయిల్ బయటికి రాకుండా వేసే అట్టలాంటి ప్యాకింగ్ పాతబడిందన్నాడు. వీధి చివర స్పేర్ పార్టుల భాయ్ దగ్గరకు నన్ను పంపాడు. అంత పాత బండికి కోసిన ప్యాకింగ్ ఆయన దగ్గర లేదు. ప్యాకింగ్ షీటు చుట్ట చుట్టి చేతికిస్తూ, "ఉస్తాద్ మళ్ల షురూ చేసిండా భాభీ? మస్తు ఖుషీ" అన్నాడు. నవ్వాననుకుంటాను. లోపల నాలుక కరుచుకుంటూనే ఉన్నాను.

ఆయన చెప్తుంటే నేను ఆయిల్ దించాను, కిక్కు రాడ్డు తీశాను, స్క్రూలు ఒక్కొక్కటి విప్పి ఏ స్క్రూ ఎక్కడిదో అట్టముక్క మీద గుచ్చి పెట్టాను. కవర్ ఊడొచ్చింది. పాత ప్యాకింగును బ్లేడుతో గీకాము. కవర్ అంచుకు ఆయిల్ పూసి షీటు మీద అద్దితే అచ్చు పడింది. మెడ పట్టీ గీసుకున్నంత చక్కగా ఉంది.

"నీ కత్తెర తే" అన్నాడు.

బట్టలు కోసే కత్తెరతో కాగితం కొయ్యకూడదు. ఇంట్లో పిల్లలెవరైనా దాంతో పుస్తకాల అట్ట కత్తిరిస్తే నేను ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఆరోజు కిక్కురుమనకుండా తెచ్చి ఇచ్చాను. నేను కోస్తుంటే ఆయన కుడి అరచేతిని షీటు మీద బరువుగా ఆనించి కదలకుండా పట్టుకున్నాడు. ఎనిమిది నెలల్లో ఆ చెయ్యి ఒక పని చెయ్యడం అదే మొదలు. "జాకెట్లు కుట్టెటోళ్లకే గింత సాపుగ వస్తది" అన్నాడు కూడా. మరోరోజైతే ఆ మాటను వారం పాటు అందరికీ చెప్పుకునేదాన్ని. ఆరోజు అది ముల్లులా గుచ్చుకుంది.

కవర్ పెట్టి స్క్రూలు ఎదురుబొదురుగా బిగించాము. ఒకటి ఇటు, దాని ఎదురుది అటు. "ఆగమాగం చెయ్యకే, అన్ని ఒక్కతీరుగ రావాలె" అంటూనే ఉన్నాడు. నాలుగు స్క్రూలు ఆయనే ఎడమ చేత్తో తిప్పాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది. ఆయిల్ పోసి, ఇంజన్ కొంతసేపు నడిపి, కింద కొత్త అట్ట పరిచి షట్టరు వేశాము. ఇంటికి వెళ్తూ దారిలో ఈల వేశాడు మహానుభావుడు. నాకు అడుగు పడలేదు. ఒకవేళ ఆ ప్యాకింగే తప్పయితే, నేను చెప్పకపోయినా గడిచిపోతుందని ఆశపడ్డాను. అలా ఆశపడినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

గురువారం పొద్దున చాయ్ కూడా తాగనివ్వకుండా ఆయన్ని బయలుదేరదీశాను. షట్టరు సగం లేపేసరికే వంగి చూశాను. అట్ట మీద మచ్చ. చొక్కా గుండీ అంత.

ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు. కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు, ఎవరిదో సామాను పెట్టుకున్నట్టు.

"చెయ్యి పోతె పోయింది, కండ్లున్నయ్ అనుకున్ననే" అన్నాడు. "గవీ పోయినయ్. లీకు ఏడున్నదో పట్టలేనోడు మెకానిక్ ఎట్లయితడు? సాయంత్రం గాయన వస్తే షట్టర్ ఇచ్చేద్దాం."

మిషను దగ్గరకు వెళ్లి కూర్చున్నాను. లేచాను. కుండలో నీళ్లున్నా మళ్లీ నీళ్లు తెచ్చాను. ఎవరిదో జాకెట్ తీసుకుని చెయ్యి అతికించాను, చూస్తే తిరగేసి అతికించాను. విప్పాను. దారం తెగింది. సూదిలోకి ఎక్కదు. రోడ్డు మీద పసుపు బస్తాల ట్రాక్టర్లు పోతూనే ఉన్నాయి. ఒక్కో ట్రాక్టరు పోయినప్పుడల్లా, ఇది పోయాక చెప్తా, ఇది పోయాక చెప్తా అనుకుంటూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. నా నోటికి ఊరంతా భయపడుతుంది. ఆ నోరు ఒక్క వాక్యానికి తెరుచుకోలేదు. ఆయన నన్ను చూడడం లేదు. గోడకున్న పానాల పలకను చూస్తున్నాడు, ఏది ఎవరికి ఇచ్చెయ్యాలా అని లెక్కేస్తున్నట్టుంది. అది చూసి ఇక తట్టుకోలేకపోయాను.

"ఆయన కడిగి తేలేదయ్యా" అన్నాను. "నేనే కడిగిన. నిన్న నువ్వు దవాఖానకు పోయినప్పుడు. మస్తు దుమ్ముండె. ఒక చార గూడ ఉండె. గది గూడ రుద్దిన. నీకు అబద్ధం చెప్పిన."

ఆయన తల తిప్పాడు. తిడతాడని చూశాను. ఏడుస్తాడేమోనని కూడా భయం వేసింది.

"చార ఏడికెళ్లి ఉండె?" అన్నాడు.

"కుడి దిక్కు."

"గది కాదే. ఏడ మొదలైంది? కవర్ కాన్నా, ఇంకా పైకెళ్లా?"

"యాదికి లేదు. పైకెళ్లే అనుకుంట. రుద్దుడే రుద్దిన, ఎవలు చూసిండ్రు?"

అప్పుడు పడ్డాయి తిట్లు. ఇరవై ఏళ్ల నుంచి చెబుతున్నది ఏ చెవిలో పోసుకున్నావన్నాడు. సదురుడు రోగమన్నాడు. మా అమ్మగారింటి వాళ్లందరినీ పేరుపేరునా తలుచుకున్నాడు, వాళ్లది కూడా ఇదే రోగమట. పక్క షట్టరు వాళ్లు తొంగి చూశారు. పక్షవాతం వచ్చిన తర్వాత నన్ను ఒక్క మాట అనలేదు ఆయన. అన్నం చల్లారినా, మందు మరిచిపోయినా, "ఏంగాదు తీ" అనేవాడు. ఆ మెతకదనం చూస్తే నాకు గుబులుగా ఉండేది. ఇప్పుడు ఇంత గొంతేసుకుని తిడుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. హాయిగా ఉంది. ఇంకాసేపు తిట్టినా బాగుండుననిపించింది.

"ఏడుసుడు తర్వాత. పసుపు తే" అన్నాడు.

"ఇంట్లకెళ్లి తేవాల్నా?"

"వంటల పసుపు ఎందుకే! గా గోనెసంచి దులుపు."

రైతు బండి వెనక క్యారియర్‌కు కట్టిన ఖాళీ గోనెసంచి ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు నిన్న, ఏ దేవుడి దయో. పేపరు పరిచి దులిపితే దోసెడు దుమ్ము రాలింది. ఇంజన్ మీద చేత్తో చల్లితే ముద్దలు ముద్దలుగా పడింది. అప్పుడు నాకు నా పని గుర్తొచ్చింది. మగ్గం పనికి డిజైన్ దించేటప్పుడు పలచటి గుడ్డలో సుద్దపొడి మూటకట్టి చిల్లుల కాగితం మీద తట్టుతాం. అలాగే లైనింగ్ గుడ్డలో పసుపు దుమ్ము మూటకట్టి ఇంజన్ మీద మెల్లగా తట్టాను. పై నుంచి కింది దాకా ఒకే తీరుగా పరుచుకుంది. ఆయన చూసి తల ఊపాడు గానీ మెచ్చుకోలేదు. ఇంకా కోపంగానే ఉన్నాడు మరి.

ఇంజన్ ఆన్ చేశాము. "ఇగ కూసో. ముట్టకు" అన్నాడు.

నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. ఇంజన్ వేడెక్కుతోంది. దుమ్ము దుమ్ములాగే ఉంది. గాలికి కొంచెం రాలిన చోట మళ్లీ తట్టాలని చేతులు పీకుతున్నాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. ఆయన నా పక్కనే, అదే ఎత్తున కూర్చున్నాడు. రైతు పగటికి వస్తానన్నాడు. ఊరి పక్క సిద్ధుల గుట్ట మీది నల్లరాళ్ల నుంచి అప్పుడే వేడి కొడుతోంది. పది నిమిషాలు. పావుగంట. క్లచ్ కవర్ చుట్టూ పొడిగానే ఉంది, నేను కోసిన ప్యాకింగ్ దగ్గర ఒక్క తడి చుక్క లేదు.

"గదో" అన్నాడు.

నాకేమీ కనిపించలేదు. ఆయన ఎడమ వేలు చూపించిన చోటికి ముఖం పెట్టి చూశాను. ఇంజన్ తలకాయ మీద, గుండ్రటి ట్యాపెట్ మూత కింద, పచ్చటి దుమ్ము మీద వెంట్రుకంత నల్లదనం. చూస్తుండగానే అది దారమంత అయ్యింది. ఇంజన్‌ను చల్లబరిచే రెక్కల మధ్య నుంచి వంకరగా దిగి, క్లచ్ కవర్ అంచు పట్టుకుని, అడుగుకు నడిచింది. నేను ఇంజన్‌కు జానెడు దూరంలో ఉన్నాను. ఆయన స్టూలు మీద నుంచే చూశాడు.

"కండ్లు పోలేదు" అన్నాను.

ఆయన ఇంజన్ ఆపి, చల్లారేదాకా ఆగి, ఆ మూతను తనే విప్పాడు. దానికి ఒక్క పానా చాలు. ఎడమ చేత్తో తిప్పుతూ, కుడి అరచేతిని ఇంజన్ మీద ఆనించుకున్నాడు. లోపల రబ్బరు రింగు ఎండి, పగిలి, పెళుసెక్కి ఉంది. నేను భాయ్ దగ్గరకు పరిగెత్తి కొత్తది తెచ్చాను. వేలికి ఉంగరం తొడిగినట్టు అది మూతకు తొడగాలి. మూడుసార్లు జారింది. రెండోసారికే నా చెయ్యి ముందుకు పోయింది, వెనక్కి లాక్కుని మళ్లీ తొడ కింద పెట్టుకున్నాను. నాలుగోసారి ఎక్కింది. గాడిలో కూర్చోలేదేమోనని తీసి మళ్లీ ఎక్కించాడు. పని తెలిసినవాడి అనుమానం అది. అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

పాత గీత మీద మళ్లీ దుమ్ము తట్టి ఇంజన్ నడిపాము. ఈసారి అరగంట. గీత పడలేదు.

మధ్యాహ్నం రైతు వచ్చాడు. బండి ఇంజన్ అంతా పచ్చగా ఉండడం చూసి, "ఏందిది మిస్త్రీ, గింత దుమ్ము?" అంటూ మెడ మీది తువ్వాలు తీసి తుడవబోయాడు.

"తుడవకు!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాము. పాపం, తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంటిదాకా అలాగే తీసుకుపోయి, మళ్లీ గీత పడితే తెమ్మని మా ఆయన చెప్పాడు. ఎవరు కడిగారో, ఎందుకు కడిగారో చెప్పలేదు. బండి కిక్కు కొట్టి రైతు బాల్కొండ దారి పట్టాడు. బండి నిలబడ్డ చోట అట్ట శుభ్రంగా ఉంది.

సాయంత్రం చెప్పినట్టే మొబైల్ షాపు ఆయన వచ్చాడు. టేపు కూడా తెచ్చుకున్నాడు, షట్టరు కొలుచుకుందామని. గుమ్మంలో నిలబడి అడిగాడు. "ఏమనుకున్నవ్ అన్నా?"

నేను మిషను ఆపేశాను. మా ఆయన స్టూలు మీద కూర్చుని, డీజిల్ డబ్బాలో ఎడమ చేత్తో పానాలు ఒక్కొక్కటీ కడుగుతున్నాడు. తల ఎత్తలేదు.

"తీరిక లేదు తమ్మీ" అన్నాడు. "పని మీదున్న."

వచ్చినాయన ఒకసారి షట్టరంతా కలయజూశాడు. లోపల ఇంకో బండి లేదు. ఆ మాట ఆయన అంటాడేమోనని నేను కుర్చీలో సగం లేచాను. అనలేదు. టేపు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పానాల పలక ఇన్నేళ్లుగా కుడి గోడకు ఉంది. మా ఆయన కడిగిన పానాలు ఒడిలో పెట్టుకుని, ఎడమ గోడ వైపు చూస్తూ, "మేకులు ఏడ పెట్టినవే?" అన్నాడు.

నేను సర్ది పెట్టాను కాబట్టి, వెంటనే దొరికాయి.